టే నది ఒడ్డున ఎర్ర బోర్డు

ఐలీన్ గెలాట్లీ బోర్డులు రాస్తుంది.
డండీలో, రేవు వెనక సందులో ఆమె కొట్టు.
చేపల అంగడికి ఆకుపచ్చ,
శవపేటికల వాడికి నలుపు మీద బంగారం,
ప్రమాదానికి ఎరుపు.
మణికట్టు ఆన్చుకునే కర్ర ఒకటుంది, చివర గుడ్డ చుట్టి.
మా నాన్నది అంటుంది, ఎవరూ అడక్కపోయినా.

నలభై తొమ్మిది మార్చిలో
జనపనార మిల్లు వాళ్లు బోర్డు అడిగారు,
నాఫ్తా పీపాలు పెట్టే షెడ్డుకి.
ఒకటే మాట: ఇన్‌ఫ్లేమబుల్.
తొమ్మిదంగుళాల అక్షరాలు, పదకొండు.
రెండు ఎమ్‌లని పక్కపక్కన నిలబెట్టడమే కష్టం,
కుస్తీవాళ్లలా మోచేతులు చాపుతాయవి.
పని కుదిరింది.
ఇరవై అడుగులు వెనక్కి నడిచి చూసుకుంది.
నది అవతలికి కూడా కనబడుతుంది, అన్నాడు మేనేజరు.

కనబడింది.
జెనన్‌కి కనబడింది.
యుద్ధం అయిపోయినా ఇంటికి పోలేని పోలండు సిపాయి,
ఇప్పుడు పీపాలు దొర్లించే కూలి.
వారానికి రెండు రాత్రులు
మిస్ కిన్నియర్ దగ్గర ఇంగ్లీషు.
ఆ వారమే నోటు పుస్తకంలో ఎక్కించుకున్నాడు:
కరెక్ట్, ఇన్‌కరెక్ట్.
విజిబుల్, ఇన్‌విజిబుల్.
ముందు ఒక 'ఇన్' తగిలిస్తే
ఉన్నది లేనట్టు, అయినది కానట్టు.
తన భాషలోనూ అంతే,
ముందు ఒక 'న్యె' పెడితే చాలు, మాట బోర్లా పడుతుంది.
వాన జల్లు. షెడ్డు చూరు.
జేబులో తడవని సిగరెట్టు ఒకే ఒకటి.
బోర్డు వైపు చూసి కూడబలుక్కున్నాడు.
అంటుకోనిది, అనుకున్నాడు.
ఇంత పెద్ద అక్షరాల్లో చెప్పారు, ఎంత మంచివాళ్లు,
అనుకున్నాడు.

మనం నవ్వడానికి లేదు.
'అగ్ని'కి ముందున్న 'అ' కాదనే 'అ' కాదని
మనకి మాత్రం ఎవరు చెప్పారు? కాలాక తెలిసింది.
అమూల్యం అంటే వెల లేనిదే,
అయినా ఎవరూ చెత్తలో పారెయ్యరు.
మాట ముందు నిలబడ్డ చిన్న ముక్క
గుమ్మంలో కాపలావాడు.
ఒకచోట పో అంటాడు, ఒకచోట లోపలికి రా అంటాడు,
మొహం ఒకటే.

విచారణలో మిస్ కిన్నియర్‌ని పిలిచారు.
ఆమె లాటిన్ తెచ్చింది.
ఈ 'ఇన్' ఆ 'ఇన్' కాదండీ, ఇది 'లోకి'.
మంటలోకి పోయేది, మంట ఎత్తుకునేది.
ఇన్‌కరెక్ట్‌కీ దీనికీ చుట్టరికం లేదు,
పేర్లు కలిశాయంతే.
గుమాస్తా రాసుకున్నాడు: బోర్డు మీద మాట సరైనదే.
ఆమె కూర్చోబోయి మళ్లీ లేచింది.
"నేను వాళ్లకి మొదటి 'ఇన్' వరకే చెప్పాను.
రెండోది వచ్చే వారం పాఠం."
అది గుమాస్తా రాసుకోలేదు.

జెనన్ బతికాడు.
ఎడమ చెవి పోయింది. చేతుల మీద చర్మం
మైనం కారి గడ్డకట్టినట్టు.
ఐలీన్ ఆసుపత్రికి వెళ్లి మంచం పక్కన నిలబడింది.
ఏం మాట్లాడాలో తోచక
"అక్షరాలు స్పష్టంగా ఉన్నాయా?" అని అడిగి
సిగ్గుతో చచ్చిపోయింది.
"చాలా," అన్నాడతను. "ఒక్కసారికే చదివేశాను."

మే నెలకి కొత్త షెడ్డు లేచింది.
బోర్డు పాతదే, ఒక అంచు పొక్కింది.
నిచ్చెన వేసుకుని ఎక్కింది.
తప్పేం లేదని తేలిందిగా, అన్నాడు కింద నుంచి మేనేజరు.
ఉత్త ఫ్లేమబుల్ అని మేమెక్కడా వినలేదే.
ఆమె పలకలేదు.
గుడ్డ తడిపి రుద్ది, కత్తి మొనతో గీకి,
మళ్లీ రుద్దింది.
ఆరిన ఎరుపు ఓ పట్టాన వదలదు.
ముందు ఐ పలచబడింది. ఎన్‌కి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఎడమవైపు ఖాళీ మిగిలింది,
ముందు పళ్లు ఊడిన నోరులా.
మాటని మధ్యకి సర్దమన్నారు.
సర్దలేదు.

దిగి వస్తూ, కింద నిచ్చెన పట్టుకున్న కుర్రాడికి
తడిగుడ్డ అందించింది.
"దూరంగా పెట్టు," అంది. "ఇది కూడా."